నెలాఖరు మెదడు

పిల్లవాడో పిల్లో యూనివర్సిటీలో చేరగానే తల్లిదండ్రులు నన్ను అడిగేది ఒకటే: "మాస్టారూ, నెలకి ఎంత పంపితే సరిపోతుందంటారు?" ఊరినిబట్టి, హాస్టల్నిబట్టి, ఇంటి పరిస్థితినిబట్టి ఆ అంకె మారుతుంది. అందరికీ పనికొచ్చే జవాబు దానికి లేదు. దాని పక్కనే ఇంకో ప్రశ్న ఉంది, అది ఎవరూ అడగరు: పంపేది ఎప్పుడు పంపాలి, ఎన్ని ముక్కలుగా పంపాలి? దీనికి మాత్రం సైన్సు దగ్గర చక్కటి జవాబుంది. తీరిగ్గా చెబుతాను, వినండి.

ముందు చిన్న ఆట. కాగితం మీద 5 5 5 అని రాసి, ఇంట్లో ఎవరికైనా చూపించి "ఇక్కడ ఎన్ని అంకెలున్నాయి?" అని అడగండి. జవాబు మూడు. కానీ నోరు ఐదు అనబోతుంది. కంటికి కనబడ్డ ఐదుని పక్కకి నెట్టి, లెక్కపెట్టి మూడు అనడానికి మెదడు ఒక్క క్షణం ఎక్కువ కష్టపడాలి. ఇలాంటివి వరసగా బోలెడు ఇచ్చి, ఎంతసేపట్లో చెబుతున్నారో, ఎన్ని తప్పులు పోతున్నాయో చూస్తే ఆ పూట ఆ మనిషి ధ్యాస ఎంతవరకు ఖాళీగా ఉందో తెలుస్తుంది.

ఈ ఆటని తమిళనాడులో చెరకు రైతుల చేత ఆడించారు. ఆనంది మణి, సెంథిల్ ములైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ ఝావో అనే నలుగురు చేసిన పరిశోధన అది. 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. చెరకు రైతుకి పెద్ద మొత్తం చేతికొచ్చేది ఏడాదికోసారి, కోత అయ్యాకే. కోతకి ముందు నెలల్లో ఆ ఇళ్లలో తాకట్లూ చేబదుళ్లూ ఎక్కువ. 464 మంది రైతులకి కోతకి ముందు ఒకసారి, డబ్బు అందాక ఇంకోసారి పరీక్ష పెట్టారు. అంకెల ఆటతోపాటు, బొమ్మల వరసలో తప్పిపోయిన ముక్కేదో కనిపెట్టే పరీక్ష కూడా ఇచ్చారు. రెంటిలోనూ కోత తరవాతే బాగా చేశారు. మనిషి మారలేదు, చదువు మారలేదు, వయసు నాలుగు నెలలు పెరిగిందంతే. మారింది చేతిలో డబ్బు. ఈ తేడా ఎంత పెద్దదన్నదాని మీద తరవాత పరిశోధకుల మధ్య వాదనలు నడిచాయి. కానీ డబ్బు చాలనప్పుడు మనసు ఆ లోటు చుట్టూనే తిరుగుతుందన్నది మనలో ఎవరికి తెలియదు?

ఇప్పుడు మీ అబ్బాయి సంగతి చూడండి. తారీకు ఇరవై నాలుగు. ఖాతాలో మూడువందల చిల్లర ఉంది. బోర్డు మీద లెక్చరర్ ఫోరియర్ సిరీస్ చెబుతున్నారు. వీడి లోపల ఇంకో లెక్క నడుస్తోంది: రేపు రికార్డు ప్రింటు తీయించాలి, శనివారం ఫ్రెండు పుట్టినరోజు, ఏం చెప్పి తప్పించుకోవాలి, నాన్నని అడగాలా, అడిగితే "మొన్ననేగా పంపాను" అంటారేమో. ఈ లెక్క ఎంతకీ తెగదు. అర్ధగంట తరవాత చూసుకుంటే నోట్సులో నాలుగు లైన్లుంటాయి. మీరు దాన్ని అశ్రద్ధ అంటారు. ఆ శ్రద్ధ ఎటు పోయిందో కూడా ఒకసారి చూడమంటున్నాను.

ధ్యాస తరవాత కంచం. అమెరికాలో పేద కుటుంబాలకి తిండి సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వం ఫుడ్ స్టాంపుల పేరుతో నెలకోసారి సాయం ఇస్తూ వచ్చింది. జెస్సీ షపీరో అనే ఆర్థికవేత్త 2005లో ఒక లెక్క తీశాడు. స్టాంపులు అందిన రోజుల నుంచి నెలాఖరుకి వచ్చేసరికి ఆ ఇళ్లలో తినే కేలరీలు 10 నుంచి 15 శాతం పడిపోతున్నాయి. నెల మొత్తానికి వచ్చేది ముందే తెలుసు, సమంగా పంచుకోవచ్చు. అయినా పంచుకోలేకపోతున్నారు. ఎందుకంటే ఇవాళ్టి సుఖానికి మనసు కట్టే విలువ వేరు, ఇరవై రోజుల తరవాతి సుఖానికి కట్టే విలువ వేరు. పెద్దవాళ్లకే, పిల్లల్ని పెంచుతున్నవాళ్లకే సాధ్యం కానిది, పద్దెనిమిదేళ్లకి మొదటిసారి ఇల్లు వదిలిన పిల్లకి ఒకటో తారీకున అంతా ఇచ్చి "జాగ్రత్తగా వాడుకో" అంటే సాధ్యమవుతుందా?

మిరపతోటకి సీజను నీళ్లన్నీ ఒక్కరోజే పెట్టి రమ్మంటే ఏ రైతూ ఒప్పుకోడు. నేల తీరు చూసి, మొక్క వయసు చూసి, ఎడమెడంగా తడులు ఇస్తాడు. పిల్లల చేతిఖర్చు కూడా అలాగే పంపండి. నెలకి రెండువేలు అనుకున్నారనుకోండి, వారానికి అయిదువందల చొప్పున ప్రతి సోమవారం పడేట్టు బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టేయండి. సోమవారం ఎందుకంటే, శుక్రవారం పడిన డబ్బుకి శని, ఆదివారాల ఆకర్షణ ఎక్కువ. ఇలా పంపితే చేజారినా మూడు రోజుల ఇబ్బందే, పదిరోజుల పస్తు కాదు. పైగా ఆ పిల్లకి సర్దుకోవడం నేర్చుకునే అవకాశం నెలకి నాలుగుసార్లు వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఆ తారీకు తప్పకూడదు. అయిదువందలు నాలుగువందలైనా ఫరవాలేదు, ముందే చెప్పి తగ్గించండి. వస్తుందో రాదో తెలియని అయిదువందల కంటే తప్పకుండా వచ్చే నాలుగువందలు పిల్లల మనసుకి ఎక్కువ నెమ్మది.

సేద్యం చేసే ఇళ్లలో దీనికి ఒక చిక్కుంది. పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది. మెస్ బిల్లు నెలనెలా వస్తుంది. పత్తి తీసి అమ్మిన వారంలో ఇంట్లో డబ్బుంటుంది, సంక్రాంతి వెళ్లాక ఉండదు. సెమిస్టర్ పరీక్షలు మాత్రం పంట చూసుకుని రావు. కాబట్టి నాయనా, ధాన్యం డబ్బో పత్తి డబ్బో చేతికొచ్చిన రోజునే వచ్చే అయిదారు నెలల మెస్ బిల్లూ చేతిఖర్చూ లెక్కగట్టి వేరే ఖాతాలో వేసేయండి. అక్కడి నుంచి చేతిఖర్చు తనంతట తాను వారంవారం వెళుతుంది. ఎరువుల కొట్టు బాకీకి ముందే ఈ పని జరగాలి. తరవాత అంటే జరగదు.

ఒకే డబ్బుని వేరువేరు ఖాతాల్లో పెట్టడంవల్ల ఒరిగేదేముంది అని మీకు అనిపించవచ్చు. రూపాయి ఎక్కడున్నా రూపాయే. కానీ మనిషి మనసు అలా చూడదు. ఇది పెళ్లి డబ్బు, ఇది పండగ డబ్బు అని పేరు పెట్టిన దాన్ని ముట్టుకోవడానికి చెయ్యి జంకుతుంది. రిచర్డ్ థేలర్ ఈ గుణానికి మానసిక పద్దులని పేరు పెట్టి శాస్త్రంగా మలిచాడు. 2017లో ఆయనకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మన అమ్మమ్మలు ఉప్పుజాడీలో ఒక మూట, పోపులపెట్టెలో ఇంకో మూట దాచింది ఈ గుణాన్ని ఎరిగే.

దీని ప్రకారం పిల్లల ఖర్చుని మూడు పద్దులు చేయండి. హాస్టల్ గది, మెస్ బిల్లు మీరే నేరుగా కట్టేయండి, అది పిల్లల చేతిమీదుగా పోనక్కర్లేదు. చేతిఖర్చు వారంవారం. మూడోది ఆపద డబ్బు, దాని సంగతి చివర్లో చెబుతాను. మొదటి నెల ఖర్చుని మాత్రం ఈ లెక్కలో కలపకండి. పరుపు, బకెట్, తాళంకప్ప, కాషన్ డిపాజిట్, ల్యాబ్ కోటు అంటూ ఆ నెల వేరేగా ఉంటుంది. ఆడపిల్లలకి బస్సు ఖర్చు కొంత తగ్గింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో చాలా రకాల్లో ఆడవాళ్లకి టికెట్టు లేదు. ఆ మిగిలినదాన్ని మీ వైపు లాక్కోకండి. చీకటి పడ్డాక ఆటో ఎక్కాల్సి వస్తే ఆలోచించకుండా ఎక్కమని దానికే వదిలేయండి.

ఇప్పుడు యూపీఐ సర్కిల్ అని ఒకటొచ్చింది. మీ ఖాతా నుంచే పిల్లలు ఖర్చు పెట్టుకునే వీలు, నెలకి 15,000 దాకా హద్దు. చిన్న ఊళ్లలో డబ్బు పంపడానికి ఇబ్బంది పడేవాళ్లకి పనికొస్తుంది. నాకు మాత్రం అంతగా నచ్చలేదు. పిల్ల తాగిన ప్రతి టీ తండ్రి ఫోన్‌లో మోగుతుంటే ఆ పిల్ల టీ మానేస్తుంది, లేదా ఇంకొకరి దగ్గర అప్పు చేసి తాగుతుంది. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకి సొంత ఖాతా ఉండాలి, అందులోకి మీరు తొంగిచూడకూడదు.

విదేశాలకి పంపేవాళ్లకి ఈ తడుల పద్ధతిని ఒక ప్రభుత్వమే చట్టంగా పెట్టింది. జర్మనీ వెళ్లే మన పిల్లలు వీసాకి ముందు బ్లాక్డ్ అకౌంట్ తెరుస్తారు కదా. 2024 సెప్టెంబరు నుంచి అందులో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. ఆ మొత్తం ఒకేసారి తీసుకునే వీల్లేదు, నెలకి 992 యూరోల చొప్పునే విడుదలవుతుంది. అది కూడా అక్కడికి చేరి, ఇంటి చిరునామా నమోదు చేయించుకుని, స్థానిక బ్యాంకు ఖాతా తెరిచాక. అందుకని మొదటి కొన్ని వారాలకి వేరే డబ్బు చేతిలో ఉండాలి. ఈ సంగతి తెలియక దిగిన రోజునే గది అడ్వాన్సుకి వెతుక్కునే పిల్లలు చాలామంది.

డబ్బు మాట కాసేపు పక్కన పెట్టి తిండి మాటకి వద్దాం. హైదరాబాద్ తార్నాకలో ఉస్మానియా యూనివర్సిటీ పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి జబ్బు మీద పరిశోధనకి ఒక్క గదిలో మొదలుపెట్టిన ల్యాబు అది, 1958లో హైదరాబాద్ వచ్చింది. ఆ సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, ఎక్కువసేపు కూర్చుని పనిచేసే 65 కిలోల మగవాడికి రోజుకి 2,110 కిలోకేలరీల శక్తి, 54 గ్రాముల ప్రోటీన్ కావాలి. 55 కిలోల ఆడమనిషికి 1,660 కిలోకేలరీలు, 46 గ్రాములు. ఐరన్ మాత్రం మగవాళ్లకి 19 మిల్లీగ్రాములైతే ఆడవాళ్లకి 29. ఈ చివరి రెండు అంకెలూ ఆడపిల్లల తల్లులు గుర్తుంచుకోవాలి.

హాస్టల్ మెస్‌లో కేలరీలకి కొదవుండదు, అన్నం ఎంత కావాలంటే అంత. వందగ్రాముల బియ్యంలో సుమారు 350 కిలోకేలరీలున్నాయి. ప్రోటీన్ మాత్రం ఏడెనిమిది గ్రాములే, అందులోనూ లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. కందిపప్పులో లైసిన్ పుష్కలం, దానికి తక్కువైన మెథియోనిన్ బియ్యంలో దొరుకుతుంది. అన్నం, పప్పు కలిపి తింటే ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది. కానీ మెస్‌లో పప్పు పలచబడి చారవుతుంది, చారు మరీ పలచబడుతుంది. నెల ఖర్చుని విద్యార్థులందరూ పంచుకుని కట్టే డివైడింగ్ సిస్టమ్ ఉన్నచోట, బిల్లు తగ్గాలని అందరూ అడిగినప్పుడు మొదట తగ్గేది పప్పే. ఇలా రోజుకి పదిహేను ఇరవై గ్రాముల ప్రోటీన్ లోటు పడుతుంది. దాన్ని పూడ్చడం కష్టం కాదు. రెండు గుడ్లలో పన్నెండు గ్రాములు, గుప్పెడు వేరుశనగపప్పులో ఏడు. ఒక బిర్యానీ డబ్బు పెడితే వారానికి సరిపడా గుడ్లు వస్తాయి. కాబట్టి చేతిఖర్చులో "గుడ్లకి, పల్లీలకి, అరటిపళ్లకి" అని పేరు పెట్టి ఒక వాటా పంపండి. పేరు పెట్టిన డబ్బు గురించి ఇందాక అనుకున్నాం కదా.

ఇంటి నుంచి పంపే డబ్బాల్లో ఏముండాలో కూడా ఆలోచించండి. తల్లులందరూ ముందు ఆవకాయ జాడీ సర్దుతారు. ఆవకాయ పాడవదు. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది, ఆ నీటినీ తనలోనే పట్టి ఉంచి సూక్ష్మజీవులకి అందనివ్వదు. మామిడి పులుపు వాటికి సరిపడదు. పైన తేలే నూనె గాలిని ఆపుతుంది, గాలి లేకపోతే బూజుకి బతుకు లేదు. తడి చెంచా పెట్టవద్దని పెద్దవాళ్లు అన్నది ఇందుకే. ఆ చెంచా పెట్టినచోట ఉప్పు పలచబడి బూజుకి దారి దొరుకుతుంది. ఇంతవరకు బాగుంది. కానీ ఆవకాయలో ప్రోటీన్ దాదాపు లేదు, ఉప్పు మాత్రం దండిగా ఉంది. కూర నచ్చని ప్రతిరోజూ ఆవకాయన్నంతో సరిపెట్టుకునే అబ్బాయికి కడుపు నిండుతుంది, ఒంటికి మాత్రం ఏమీ పట్టదు.

నన్నడిగితే ఆవకాయ సగం తగ్గించి ఆ చోట కందిపొడి, సున్నుండలు పెట్టమంటాను. వేయించడంవల్ల పప్పులో తడి ఎగిరిపోతుంది, తడి లేనిచోట ఏ సూక్ష్మజీవీ పెరగలేదు. గట్టి మూత డబ్బాలో నెలలు నిలవుంటుంది. రెండు పెద్ద చెంచాల కందిపొడిలో నాలుగు గ్రాముల దాకా ప్రోటీన్, నెయ్యి వేసుకుంటే రుచికి రుచి. సున్నుండల్లో మినపప్పు, బెల్లం, నెయ్యి తప్ప ఇంకేమీ లేదు. రాత్రి పదకొండుకి చదువుతూ ఆకలేస్తే నూడుల్స్ ప్యాకెట్ కంటే రెండు సున్నుండలు ఎంతో నయం. పాలకోవా, కజ్జికాయల్లో పచ్చికొబ్బరి ఉన్నవి మూడోరోజుకే మారిపోతాయి, వాటిని పంపేటప్పుడు గదిలో అందరికీ అదేరోజు పంచమని చెప్పండి. ఆడపిల్లలకి ఇంకొక మాట: భోజనంతోపాటే టీ తాగితే అందులోని టానిన్లు ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. గంట ఎడం ఉంచి, పప్పుకూరలో నిమ్మరసం పిండుకుంటే అదే కూరలోని ఐరన్ ఎక్కువ పడుతుంది. ఇందులో ఖర్చు ఒక్క నిమ్మకాయ.

కరెంటు గురించి కొంచెం. బయట గది తీసుకుంటే కరెంటు బిల్లు వేరుగా పంచుకుంటారు, అక్కడ కెటిల్ వాడొద్దు, హీటర్ వాడొద్దు అని గొడవలు. లీటరు నీళ్లు మరగడానికి యూనిట్‌లో పదోవంతు చాలు. బకెట్ నీళ్లు గోరువెచ్చన కావడానికి పావు యూనిట్ పైన కొద్దిగా. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకి యూనిట్ దాకా తాగుతుంది. బిల్లు తగ్గాలంటే ఎక్కడ చూడాలో మీకే తెలుస్తుంది. టీ కెటిల్ జోలికి పోకండి.

నెలనెలా పంపే శక్తి లేని ఇళ్ల మాటేమిటి? ఇక్కడే నా మనసు ఎక్కువ ఉంది. విద్యారుణం ట్యూషన్ ఫీజుకే అనుకుంటారు చాలామంది. హాస్టల్, మెస్, పుస్తకాల ఖర్చు కూడా అందులో అడగవచ్చు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే, ఎంపికైన మంచి సంస్థల్లో చదివేవాళ్లకి పీఎం విద్యాలక్ష్మి పథకంలో 10 లక్షల వరకు రుణం మీద వడ్డీలో 3 శాతం రాయితీ ఉంది. 2024 నవంబరులో కేంద్రం దీన్ని ఆమోదించింది. సంస్థ ఆ జాబితాలో ఉందో లేదో చేరేముందే చూసుకోండి.

రాయితీ రానివాళ్లకి ఒక లెక్క చెబుతాను, కాగితం తీసుకోండి. హాస్టల్‌కీ మెస్‌కీ ఏడాదికి 60,000 చొప్పున నాలుగేళ్లు అప్పు తీసుకున్నారు, వడ్డీ 10 శాతం అనుకుందాం. చదువు నాలుగేళ్లు, ఆ తరవాత ఇచ్చే గడువు ఒక ఏడాది, ఈ అయిదేళ్లూ సాధారణంగా బారువడ్డీ పడుతుంది. మొదటి ఏడాది తీసుకున్నదానికి 30,000, రెండో ఏడాదిదానికి 24,000, తరవాతవాటికి 18,000, 12,000. మొత్తం 84,000. గడువు ముగిశాక ఈ 84,000 అసలులో కలిసిపోతుంది, అక్కడి నుంచి వడ్డీకి వడ్డీ మొదలు. ఇప్పుడు రెండో దారి చూడండి. మొదటి ఏడాది నెలకి 500, రెండో ఏడాది 1,000, ఆ తరవాత 1,500, 2,000, గడువు ఏడాదిలోనూ 2,000 చొప్పున ఆ వడ్డీ ఎప్పటికప్పుడు మీరు కట్టేస్తే, ఉద్యోగంలో చేరేనాటికి మీ అమ్మాయి తలమీద అసలు 2,40,000 తప్ప ఇంకేమీ ఉండదు. ఇలా కట్టేవాళ్లకి కొన్ని బ్యాంకులు వడ్డీలో ఒక శాతం తగ్గిస్తాయి కూడా, అడగండి. నెలకి అయిదువేలు పంపలేని తండ్రి నెలకి అయిదువందలతో మొదలయ్యే వడ్డీ కట్టగలడు. అదీ చదివించడమే, అందులో చిన్నతనం ఏమీ లేదు.

స్కాలర్‌షిప్ డబ్బు, ప్రభుత్వాలు ఇచ్చే వసతి డబ్బు వస్తాయి, కానీ తారీకు చెప్పి రావు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన వసతి దీవెనలో డిగ్రీ, ఆపై చదువులవాళ్లకి ఏడాదికి 20,000 రెండు విడతలుగా తల్లి ఖాతాలో వేసేట్టు పెట్టారు. ఇలాంటివి నెలవారీ లెక్కలో రాసుకోకండి. పడినప్పుడు ఆపద ఖాతాలోకో, వడ్డీకో మళ్లించండి.

ఇంకొకటి అడగాలి మిమ్మల్ని. ఫోన్‌లో "డబ్బులు సరిపోతున్నాయా?" అని అడుగుతారు కదూ? సరిపోతున్నాయనే చెబుతారు. ఇంటి సంగతి తెలిసిన పిల్లలు లేదని ఎందుకు చెబుతారు? "ఈవేళ పొద్దున్న ఏం తిన్నావు?" అని అడగండి. "రికార్డులకి ఎంతయింది?" అని అడగండి. వరసగా నాలుగు రోజులు టిఫిన్ తినలేదని తెలిస్తే నిద్ర లేవలేదనుకోకుండా ఖాతాలో ఎంతుందో కనుక్కోండి.

ఇక ఆపద డబ్బు. రెండుమూడువేలైనా సరే, పిల్లల పేరనే వేరే ఖాతాలో వేసి ఉంచండి. అర్ధరాత్రి జ్వరం, డెంగీ పరీక్ష, ఫోన్ పగలడం, ఉన్నట్టుండి ఊరికి రావలసిన అవసరం, ఇలాంటివాటికి. దాన్ని వాడటానికి మీ అనుమతి అక్కర్లేదని ఖాతా తెరిచిన రోజునే చెప్పండి. అనుమతి అడగాలంటే పిల్లలు అడగరు, రూమ్మేటు దగ్గరో, ఫోన్‌లో నిమిషంలో అప్పిచ్చే యాప్ దగ్గరో తీసుకుంటారు. ఆ యాప్‌ల వడ్డీ ముందు మనం ఇందాక వేసిన పది శాతం లెక్క ఏమూలకీ రాదు. ఎప్పుడైనా ఆ ఖాతా ఖాళీ అయిందని తెలిస్తే, ఎందుకైందని అడిగేలోపే మళ్లీ నింపండి. సంగతేమిటో పిల్లలే ఆ సాయంత్రం ఫోన్ చేసి చెబుతారు.